తాండూరు బండ మీద నీళ్ల గరిజెలు

వికారాబాద్ అంటే మీలో చాలామందికి వీకెండ్. నలుగురు ఫ్రెండ్స్, రెండు బైకులు, అనంతగిరి ఘాట్ మలుపులు, కోట్‌పల్లిలో కయాకింగ్, దారి పక్కన కాల్చిన మక్క కంకి, సాయంత్రానికి ఒక రీల్. తప్పేం లేదు, నేనూ తీసినదాన్నే. కానీ నాకు వికారాబాద్ అంటే సగం దారి. లింగంపల్లిలో రైలెక్కితే గంటకు అటూ ఇటూగా వచ్చే స్టేషన్. అక్కడ దిగకుండా ఇంకో ముప్పావుగంట కూర్చుంటే మా ఊరు తాండూరు.

2025 జనవరిలో ఒక శనివారం పొద్దున అదే రైల్లో కూర్చున్నా. ల్యాప్‌టాప్ బ్యాగులో ల్యాప్‌టాప్ లేదు. చిన్న సోయా సాస్ సీసా, ఇంకా చిన్నదైన నువ్వుల నూనె సీసా (మన గానుగ నూనె కాదు, వేయించిన నువ్వులతో తీసే చైనా రకం), తెల్ల మిరియాల పొడి, కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్. ఇంటికెళ్లి వాంటన్లు చేయాలి. మా నాయిన కోసం.

తాండూరులో రాతి పాలిషింగ్ యూనిట్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి చైనా వంటెందుకు అంటారా? చెప్తా.

పన్నెండు కిలోలు

పోయిన వానాకాలంలో నాయినకు దగ్గు మొదలైంది. మా ఇళ్లల్లో దగ్గు పెద్ద విషయం కాదు. తాండూరులో రాతి పనిచేసే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. మూడు వారాలైనా తగ్గలేదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు. ఆగస్టులో గవర్నమెంట్ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు.

రాతి దుమ్ములో ఉండే సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే టీబీ ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. నీళ్లు పోస్తూ కోస్తే, పాలిష్ పెడితే దుమ్ము తగ్గుతుంది. నాయిన పని నేర్చుకున్న రోజుల్లో ముక్కుకు రుమాలు కట్టుకోవడమే పెద్ద జాగ్రత్త.

మందులు ఫ్రీ. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, మొత్తం ఆరు నెలలు. తిండి కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలనెలా బ్యాంకులో డబ్బులు పడతాయి. 2018లో ఐదు వందలతో మొదలైన ఆ సాయాన్ని 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. మందు ఉంది, డబ్బు వచ్చింది. లేనిది ఆకలే. యాభై ఎనిమిది కిలోల మనిషి నలభై ఆరుకు దిగిండు. గుడ్డు పెడితే వాసనంటడు. జొన్నరొట్టె నమలలేనంటడు. చికెన్ కూర చూస్తేనే కడుపులో తిప్పుతుందంటడు.

ఇంకొకటి. మందులు మొదలైన రోజే ఆయన తన కంచం, గ్లాసు వేరే పెట్టుకున్నడు. ముందు గదిలో, కిటికీ పక్కన మంచం మీద ఒక్కడే తినడం మొదలుపెట్టిండు. టీబీ కంచాలతో, గ్లాసులతో అంటదని, అది గాలిలో వచ్చే జబ్బని, మందులు సరిగ్గా పనిచేస్తుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం పోతుందని హెల్త్ వర్కర్ మా అందరి ముందే చెప్పింది. నాయిన తలూపిండు. మళ్లీ పోయి మంచం మీదనే కూర్చున్నడు. ఐదు నెలలైనా అంతే.

నవంబరులో స్కాన్ కోసం హైదరాబాద్ వచ్చిండు. అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. దగ్గర్లో ఒక చిన్న చైనీస్ హోటల్ తప్ప ఏమీ తెరిచి లేదు. మెత్తగా ఉంటుంది కదా అని వాంటన్ సూప్ చెప్పిన. ఆయన గిన్నెలోకి అనుమానంగా చూసి, ఒకటి నోట్లో వేసుకొని, ఇంకొకటి వేసుకొని, గిన్నె ఖాళీ చేసిండు. ఐదు నెలల్లో ఆయన దేన్నైనా మొత్తం తినడం నేను చూసింది అదొక్కసారే.

“ఏం పేరు బిడ్డా దీనిది?”

“వాంటన్ నాయినా.”

“ఏం టన్నో ఏమో. నీళ్ల గరిజెలున్నట్టున్నయ్.”

గరిజెలు తెలుసు కదా? కొన్ని ఊళ్లలో కజ్జికాయలంటారు. మైదా పూరీలో పుట్నాల పొడి, చక్కెర, కొబ్బరి పెట్టి మడిచి నూనెలో వేయించేవి. వాంటన్ కూడా మైదా పొరలో ఏదో పెట్టి మడిచేదే. నూనెకు బదులు నీళ్లు. నాయిన పెట్టిన పేరు కరెక్టే.

ఒక గుట్ట, రెండు నదులు

రైలు శంకర్‌పల్లి దాటాక కిటికీలో సిటీ పూర్తిగా వదిలిపోతుంది. ఈ లైను పాతది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం కాలంలో వేసిన రైలు మార్గం, 1874లో మొదలైంది. వికారాబాద్‌కు ఆ పేరు పాయిగా నవాబు వికార్ ఉల్ ఉమ్రా వల్ల వచ్చింది. ఆయన 1893 నుంచి 1901 వరకు హైదరాబాద్ సంస్థానానికి ప్రధానమంత్రి. ఇక్కడి నుంచే ఇంకో లైను జహీరాబాద్, బీదర్ మీదుగా పర్లీకి పోతుంది. జంక్షన్ కాబట్టి రైలు కాసేపు ఆగుతుంది. చాయ్ తాగేంత టైముంటుంది.

స్టేషన్ అవతల అనంతగిరి గుట్టలు. పద్మనాభస్వామి గుడి, ట్రెక్కింగ్ దారులు మీకు తెలుసు. అక్కడే టీబీ ఆసుపత్రి కూడా ఉందని ఎంతమందికి తెలుసు? టీబీకి మందు లేని రోజుల్లో చల్లగాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. అందుకే ఎత్తైన చోట, చెట్ల మధ్య శానటోరియాలు కట్టేవాళ్లు. మా తాత వాళ్ల కాలంలో మా ఇంట్లో “ఫలానాయన అనంతగిరి పోయిండు” అంటే గుడికి పోయిండని అర్థం కాదు. గొంతు తగ్గించి చెప్పే మాట అది. నాయిన వేరే కంచం పెట్టుకోవడం వెనక ఆ తగ్గిన గొంతులే ఉన్నాయనిపిస్తుంది నాకు. మందు మారింది, జబ్బు నయమవుతోంది, భయం మాత్రం తాతల నాటిదే.

ఈ గుట్టల గురించి నాకిష్టమైన సంగతి ఇంకోటుంది. మూసీ ఇక్కడే పుట్టి తూర్పుకు, హైదరాబాద్ వైపు పోతుంది. మా కాగ్నా కూడా ఈ గుట్టల్లోనే పుట్టి పడమరకు, తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. ఒకే గుట్ట మీద పుట్టి, ఒకదానికొకటి వీపు తిప్పుకొని వెళ్లిన రెండు నీళ్లూ చివరికి కృష్ణలోనే కలుస్తాయి. చదువు కోసం, ఉద్యోగం కోసం నేను మూసీ వైపు పోయిన. నాయిన కాగ్నా వైపు ఉండిపోయిండు.

ధారూరు దాటాక రెండు వైపులా కంది చేన్లు. జనవరి అంటే కంది కోతల కాలం. ఆకు రాలి, గోధుమరంగు కాయలతో నిలబడ్డ చేన్లు కొన్ని, కోసి కుప్పలు వేసినవి కొన్ని. తాండూరు కందికి 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చింది. పక్కనే ఉన్న కలబురగి కందికి 2019లోనే వచ్చింది. మధ్యలో రాష్ట్రం సరిహద్దు ఉంది కానీ నేల చూస్తే ఎక్కడ తెలంగాణ అయిపోయిందో, ఎక్కడ కర్ణాటక మొదలైందో చెప్పలేం. కింద సున్నపురాయి, పైన నల్లరేగడి, మధ్యలో కంది.

ఖీమా, ఉల్లికాడలు, ఒక ఖాలా

తాండూరు స్టేషన్‌లో దిగితే నాలుగు భాషలు వినిపిస్తాయి. తెలుగు, ఉర్దూ, కన్నడ, అక్కడక్కడ మరాఠీ. ఆటో అడిగేది ఒక భాషలో, బేరం ఇంకో భాషలో. ఇందిరా చౌక్ దగ్గర దిగి చికెన్ షాపుకు పోయిన. “బోన్‌లెస్ పావుకిలో, ఖీమా కొట్టియ్యన్నా. బొక్కలు వేరే ఇయ్యి, సూప్‌కు.” కూరగాయల దగ్గర ఉల్లికాడలు దొరకవేమో అనుకున్నా. ఎందుకు దొరకవు? ప్రతి సందులో ఫాస్ట్‌ఫుడ్ బండి ఉంది కదా, ఉల్లికాడలు లేకపోతే మంచూరియా మీద ఏం చల్లుతారు?

మంచూరియా అంటే గుర్తొచ్చింది. అది చైనాలో పుట్టలేదు. కలకత్తా చైనీయుల కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటాయన 1970ల్లో ముంబైలో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, సోయా సాస్ కలిపి చికెన్ మంచూరియన్ చేసిండని చెబుతారు. చికెన్ స్థానంలో గోబీ చేరి ఊరూరా పాకింది. మన దేశంలో చైనీయుల కథ ఇంకా పాతది. 18వ శతాబ్దం చివర్లో టోంగ్ ఆచ్యూ అనే వ్యాపారి కలకత్తాకు దిగువన, హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టిండు. ఆయన పేరు మీద ఆ ఊరు ఇప్పటికీ అచ్చిపూర్.

వాంటన్ మాత్రం చైనాదే. మనం అనే పేరు కాంటన్ వైపు వాళ్ల ఉచ్చారణ. వాళ్లు దాన్ని రాసే అక్షరాలకు మబ్బు, మింగడం అని అర్థం. సూప్‌లో తేలే తెల్లటి పొరలు చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. సిచువాన్‌లో పిలిచే పేరుకు చేతులు కట్టుకోవడం అని అర్థం. చివర్లు రెండూ దగ్గరకు తెచ్చి మడిస్తే అచ్చం అలాగే ఉంటుంది.

ఇంటికి పోయేసరికి అమ్మ గుమ్మంలోనే ఆపింది.

“మోమోలు చేస్తవంట? తమ్ముడు చెప్పిండు. హైదరాబాద్‌ల మోమోలు తిని మనిషే పోయింది, టీవీల చూడలే?”

అమ్మ చెప్పింది నిజమే. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిన్న చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు, ఒకామె చనిపోయింది. అదే నెల చివర్లో ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది.

“అందుకే ఇంట్ల చేస్తున్న అమ్మా. మయోనైజ్ లేదు, నిల్వ ఖీమా లేదు. ఇప్పుడే కొట్టిచ్చిన.”

“మైదా అరగది.”

“గరిజెలు దేంతోటి చేస్తవ్?”

అమ్మ ఏమీ అనలేదు. జల్లెడ తెచ్చిచ్చింది.

మొదటి వాయి గంగపాలు

కొలతలు రాసుకోండి. మైదా పావుకిలో, ఒక గుడ్డు, అర చెంచా ఉప్పు. నీళ్లు కొద్దికొద్దిగా, మొత్తం ఐదారు చెంచాలకు మించవు. చపాతీ పిండి కంటే గట్టిగా ఉండాలి. ముందు పొడిపొడిగా ఉండి అసలు కలవదేమో అనిపిస్తుంది. నీళ్లు పోయొద్దు. తడి బట్ట కప్పి కనీసం అరగంట వదిలేస్తే దానంతట అదే మెత్తబడుతుంది.

లోపలికి ఖీమా పావుకిలో, తురిమిన అల్లం ఒక చెంచా, సన్నగా తరిగిన ఉల్లికాడలు గుప్పెడు, సోయా సాస్ రెండు చిన్న చెంచాలు, నువ్వుల నూనె ఒకటి, కార్న్‌ఫ్లోర్ ఒకటి, తెల్ల మిరియాల పొడి చిటికెడు, రెండు మూడు చెంచాల నీళ్లు. ఒకే దిక్కున తిప్పుతూ కలపాలి. ఐదు నిమిషాల్లో ఖీమా జిగురుగా, పేస్టులా అవుతుంది. ఆ జిగురు వస్తేనే ఉడికాక పొడిపొడిగా రాలకుండా మెత్తగా ఉంటుంది.

మా వంటింటి గట్టు తాండూరు నీలం బండ. ఇల్లు కట్టినప్పుడు నాయిన తానే ఏరి, తానే పాలిష్ పెట్టి తెచ్చిన బండ. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. పిండి ఒత్తడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

పిండి ఒత్తిన, చాకుతో ముక్కలు కోసిన, ఖీమా పెట్టి మడిచిన. బొక్కల సూప్ మరుగుతుంటే అందులోనే పది వేసిన.

రెండు నిమిషాల్లో సగం పగిలిపోయినయ్. మిగతావాటి పొర మందంగా, అంచుల దగ్గర పచ్చిగా ఉంది. పొడి పిండంతా దిగి సూప్ గంజిలా అయింది. ఖీమా చెదిరి పైకి తేలింది. నీసు వాసన ఇల్లంతా నిండింది. ముందు గదిలో నాయిన దగ్గు వినిపించింది, తర్వాత కిటికీ తలుపు బార్లా తెరిచిన చప్పుడు.

అమ్మ “నేను ముందే చెప్పిన” అనలేదు. అంటే బాగుండేది. స్టవ్ ముందు అట్లనే నిలబడ్డ. ఆరు నెలల మందుల్లో ఇంకా మూడు వారాలే ఉన్నయ్. బరువు నలభై తొమ్మిది దగ్గర ఆగింది. నేను నెలనెలా డబ్బులు పంపుతున్న, రోజూ ఫోన్‌లో “తిన్నవా నాయినా” అని అడుగుతున్న. ఒక్క గిన్నెడు సూప్ చేసిపెట్టడం మాత్రం చేతకాలేదు.

అప్పుడే పక్కింటి ఖాలా గోడ మీదుగా తొంగి చూసింది. ఏం చేస్తున్నవని అడిగి, లోపలికొచ్చి, మిగిలిన ముక్కలు చేతిలోకి తీసుకొని నవ్వింది.

“అరే బేటా, ఏ తో లుఖ్మీ హై!”

నిజమే కదా! లుఖ్మీ అంటే హైదరాబాదీ దావత్‌లలో పెట్టేది. నలుచదరపు మైదా పొర, లోపల ఖీమా, నూనెలో వేయిస్తారు. లుఖ్మా అంటే ఒక ముద్ద, నోటికి పట్టేంత అని. గరిజెలు, లుఖ్మీ, వాంటన్ మూడూ దగ్గరి చుట్టాలే. ఖాలా చెప్పిన మాట ఒక్కటే: పల్చగా కావాలంటే గాలి బయటికి పోవాలి, చేతికి తొందర ఉండొద్దు. తన సన్న బేలన్ తెచ్చిచ్చింది. పొర కింద గట్టు గీత కనిపించాలంది.

మూడున్నర బై మూడున్నర

రెండో వాయికి పిండి ఒత్తుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

“కొలత లేదు నీకు.”

నాయిన. వంటింటి గుమ్మంలో, చౌకట్టుకు ఆనుకొని నిలబడ్డడు. ఐదు నెలల్లో ఆ గుమ్మం దాకా వచ్చింది లేదు.

“ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకటి మందం, ఒకటి పల్చన. అన్నీ ఒక్క లెక్క ఎట్ల ఉడుకుతయ్?”

“ఎంత ఉండాలె నాయినా?”

“నువ్వే చెప్పు, ఎంతుండాలె?”

“మూడున్నర ఇంచులు. నలుచదరం.”

“స్కేలు తే.”

తమ్ముని డిప్లొమా స్టీలు స్కేలు కడిగి తెచ్చిన. ముప్పై ఏళ్లు ‘రెండు బై రెండు’, ‘రెండు బై ఒకటిన్నర’ అని రాళ్లు కొలిచిన చేతులు పిండి మీద స్కేలు పెట్టినయ్. ముందు ఒక అంచు తీసేసిండు. “మొదలు ఒక్క సైడు సీదా రావాలె. అది సీదా వస్తే మిగిలిన మూడు వస్తయ్.” చాకును ముందుకు లాగలేదు, పైనుంచి కిందికి నొక్కిండు. లాగితే పిండి సాగి మూల వంకర పోతుందట. ఒక్కో చదరం లేపి వెలుగుకు పట్టి చూసి పక్కన పెట్టిండు. మధ్యమధ్య కార్న్‌ఫ్లోర్ చల్లమన్నడు, ఒకదానికొకటి అంటుకోకుండా. పాలిష్ బండల మధ్య గడ్డి పెట్టినట్టు.

పక్కకు పోయిన ముక్కలు నేను చెత్తలో వేయబోతే చెయ్యి పట్టుకున్నడు. తాండూరు చుట్టూ మీరు చూసే ఉంటారు, కోయగా మిగిలిన రాతి ముక్కల గుట్టలు రోడ్డు పొడుగునా. “జిందగీ అంతా ముక్కలు పారేసిన. ఇవన్న కూర్ల వెయ్యి” అన్నడు. వాటిని సన్నగా తాళ్లలా కోసి పక్కన పెట్టినం. నూడుల్స్ అయినయ్.

ముప్పై ఎనిమిది చదరాలు వచ్చినయ్. ఖీమా ఒక్కోదానికి చిన్న చెంచాడే. ఎక్కువ పెడితే పగులుతుంది. రెండు అంచులకు నీళ్లు రాసి త్రికోణంలా మడవాలి. ఖీమా చుట్టూ వేలితో నొక్కుతూ గాలి మొత్తం బయటికి పంపాలి. గాలి మిగిలితే వేడికి ఉబ్బి పొర చీలుతుంది, మొదటి వాయిలో నేను చేసిన పెద్ద తప్పు అదే. తర్వాత కింది రెండు మూలలు దగ్గరకు తెచ్చి, ఒక చుక్క నీళ్లతో అతికించాలి. అమ్మ రెండు చూసి మూడోది నాకంటే బాగా చేసింది. గరిజెల చెయ్యి కదా.

ఉడకబెట్టేది సూప్‌లో కాదు, వేరే వెడల్పు గిన్నెలో, మామూలు నీళ్లలో. అప్పుడే సూప్ తేటగా ఉంటుంది. నీళ్లు మరిగాక పది పది వేసి, అడుగు అంటకుండా గరిటె వెనకవైపుతో ఒకసారి మెల్లగా కదపాలి. మళ్లీ ఎగిరెగిరి మరుగుతుంటే అర గ్లాసు చన్నీళ్లు పోయాలి. మరుగు తగ్గుతుంది, పొర చిరగదు, లోపల ఖీమా ఉడుకుతుంది. పైకి తేలాక ఇంకో రెండు నిమిషాలు. ఒకటి కోసి చూడండి, లోపల గులాబీ రంగు అస్సలు ఉండొద్దు.

ఈసారి ఒక్కటీ పగల్లేదు.

కానీ సూప్ సంగతి? బొక్కల నీళ్లు ముందే పాడైనయ్. అమ్మ పొయ్యి వైపు చూపించింది. మధ్యాహ్నం పప్పు కోసం కందులు ఉడుకుతున్నయ్, మా దగ్గరి కందిపప్పే. పైన తేరిన నీళ్లను, కట్టు అంటం కదా, వంచి, అల్లం, వెల్లుల్లి, మిరియాలు దంచి వేసి, కొంచెం నెయ్యిలో జీలకర్ర పోపు పెట్టింది. బచ్చాలు చేసిన రోజు పప్పు కట్టుతో చారు కాస్తం మేము, సరిహద్దు అవతల కన్నడ ఇళ్లలోనూ కాస్తారు. ఆ కట్టు చారులో వాంటన్లు వేసింది. పైన ఉల్లికాడలు, నేను తెచ్చిన నువ్వుల నూనె రెండు చుక్కలు. పసుపు రంగు నీళ్లలో తెల్ల మబ్బులు.

కాంటన్ వాళ్లు చూస్తే ఏమంటారో నాకు తెలీదు. నీసు వాసన మాత్రం లేదు.

ఎన్ని తిన్నడు?

అలవాటుగా నేను నాయిన గిన్నె పట్టుకొని ముందు గది వైపు నడిచిన. వెనక్కి చూస్తే ఆయన రాలేదు. వంటింట్లోనే గట్టు పక్కన స్టూలు మీద కూర్చున్నడు. చేతులకు ఇంకా పిండి ఉంది. నిలబడి పనిచేసినందుకు ఆయాసపడుతున్నడు, లేచే ఓపిక లేక కూర్చుండిపోయిండేమో అనుకున్న.

“ఈడనే తింట. ఎన్ని పగిలినయో చూడాలె కదా” అన్నడు.

పగిలినవి లేవని ఆయనకు తెలుసు.

అమ్మ ఏమీ మాట్లాడకుండా ఇంకో రెండు స్టూళ్లు జరిపింది. తమ్ముడు నేల మీద కూర్చున్నడు. ఖాలాకు ఒక గిన్నె గోడ మీదుగా పోయింది. నేను తింటున్నట్టు నటిస్తూ నాయినవి లెక్కపెట్టిన. ఐదు. ఎనిమిది. పదకొండు. నూడుల్స్ అయిన ముక్కలు వేరే. గిన్నె ఎత్తి చారు తాగిండు.

“ఉప్పు తక్కువైంది” అన్నడు చివరికి. ఐదు నెలల్లో రుచి గురించి ఆయన అన్న మొదటి మాట అది.

ఆదివారం సాయంత్రం రైల్లో తిరిగి వస్తుంటే వికారాబాద్‌లో కుర్రాళ్ల గుంపు ఎక్కింది. బూట్ల నిండా అనంతగిరి ఎర్రమట్టి, చేతుల్లో ఫోన్లు, ఒకరి ఫొటోలు ఒకరికి పంపుకుంటున్నారు. నా ఫోన్‌లో ఆ రోజుది ఒకటే ఫొటో ఉంది. నీలం బండ మీద వరసగా పేర్చిన తెల్ల చదరాలు, పక్కన స్టీలు స్కేలు, అంచున ఒక బొటనవేలు. ఎక్కడా పోస్ట్ చేయలేదు.

మూడు వారాలకు మందుల కోర్సు అయిపోయింది. తెమడ పరీక్ష నెగెటివ్. బరువు యాభై ఒకటి. పన్నెండు కిలోల్లో ఇంకా ఏడు రావాలి, టైము పడుతుంది. దుమ్ము పనికి మళ్లీ పోవద్దన్నరు. ఏం చేయాలో ఇంకా తేలలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాయిన టాపిక్ మారుస్తడు.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. నేను లేకుండానే నీళ్ల గరిజెలు చేసిందట. ఈసారి ఖీమా లేదు. ఉడికించిన కందిపప్పు, మెంతికూర, ఎండుమిర్చి. చదరాలు ఎప్పటిలాగే నాయిన కోసిండట.

“ఎన్ని తిన్నడు?” అని అడిగిన.

“ఏమో బిడ్డా, లెక్కవెట్టలే. అందరం ఒక్క గిన్నెలకెల్లే తిన్నం.”